గెట్టు మీద శని

పప్పుగుత్తి చేతిలో ఉండగానే నర్సవ్వకు బడి గేటు దగ్గర కేకలు వినిపించాయి. అప్పటికి పదకొండున్నర అయింది. అన్నం దిగింది. పప్పు సగం మెదిగింది. గుడ్లు ఉడికి చల్లనీళ్లలో ఉన్నాయి. ఇంకో గంటకు తొంభై మూడు మంది పిల్లలు పళ్లేలు పట్టుకుని వంటగది ముందు వరస కడతారు. ఎవరో తల్లులు గొడవపడుతున్నారనుకుని ఆమె గుత్తి ఆపలేదు. కేకలు దగ్గరికొచ్చాక తల ఎత్తింది.

ముందు యాదగిరి ఉన్నాడు. ఎర్రగుట్టపల్లెలో శ్రీనివాస్ రావు పొలాలన్నిటి మీద పెత్తనం అతనిది. అతని చేతిలో పొడుగాటి వెదురుకర్ర ఉంది. కర్ర చివర ప్లాస్టిక్ సంచి, సంచిలో స్టీలు డబ్బా వేలాడుతున్నాయి. వెనక పసుపుచేనులో కలుపు తీస్తున్న ఆడవాళ్లు పది మంది దాకా కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని వచ్చారు. వాళ్లలో లసుమవ్వ కూడా ఉంది. నర్సవ్వ ఇంటికి, ఆమె ఇంటికి నడుమ ఒక్కటే గోడ. పొద్దున్నే ఇద్దరూ ఒకే నల్లా దగ్గర బిందెలు నింపుకున్నారు. ఇప్పుడు లసుమవ్వ నేల చూపులు చూస్తోంది.

యాదగిరి డబ్బాను పొయ్యికి నాలుగడుగుల దూరంలో దించి, కర్ర వెనక్కి లాక్కున్నాడు.

"మా పసుపుచేను గెట్టు మీద, రాళ్లకుప్పల దొరికింది. ఇది ఎవలు పెట్టిండ్రే?"

మూత మీద ఎర్ర పెయింటుతో రెండు అక్షరాలున్నాయి. నర్సవ్వకు చదువు రాదు. అయినా ఆ రెండు అక్షరాలూ ఆమెకు తెలుసు. ఈ వరండాలోనే కూచుని సుదర్శన్ సారు వాటిని రాస్తుంటే, మూత కదలకుండా పట్టుకున్నది ఆమే. శని.

"నేనే పెట్టిన," అంది.

ఆ మాట ఇంత తొందరగా వస్తుందని యాదగిరి కూడా అనుకోలేదు. వెనక్కి తిరిగి ఆడవాళ్లను చూశాడు. "ఇన్నరా? ఆమె నోటితోనే చెప్పింది."

"చెప్పక? గది పోరగాండ్ల ఆట. సుదర్శన్ సారు డబ్బాలు తయారుచేసిండు. ఫోన్ల చూసుకుంట పోయి డబ్బా దొరకవట్టాలె, దాంట్ల పుస్తకంల పేరు రాయాలె, ఒక వస్తువు పెట్టి ఇంకోటి తీసుకోవాలె. మళ్ల ఉన్నకాన్నే పెట్టి రావాలె. గంతే."

యాదగిరి కర్రతో మూత తోశాడు. మూత సిమెంటు మీద గిర్రున తిరిగి పడింది. లోపల పగిలిన గాజుముక్క, చేతులు లేని ప్లాస్టిక్ బొమ్మ, ఎర్ర దారపుండ, చిన్న నోటుపుస్తకం ఉన్నాయి. వాటి నడుమ సీతాకోకచిలుక ఆకారంలో తలకు పెట్టుకునే క్లిప్పు. క్లిప్పు పళ్లలో నాలుగైదు పొడుగాటి వెంట్రుకలు చిక్కుకుని ఉన్నాయి.

"ఈ క్లిప్పు ఎవలదో ఎరుకేనా? మా రమ్యమ్మది. ఫొటో పంపితె దొర్సాని గుర్తువట్టింది. పుస్తకంల ఆఖరుకు ఆమె పేరే ఉన్నది. ఆర్రోజుల సంది జగిత్యాల దవాఖానల పిల్ల కండ్లు తెరుస్తలేదు. పేరు, ఎంటికెలు, మీద శని. ఇంకేం కావాలె?"

హైదరాబాదులో చదువుతూ దసరా సెలవులకు వచ్చిన శ్రీనివాస్ రావు కూతురికి జ్వరం తగిలిందని నర్సవ్వ విన్నది. ఇంతదాకా వచ్చిందని తెలియదు.

"రమ్యమ్మకు గంత జెరమా?" అంది. తన గొంతు తనకే దొంగగొంతులా వినిపించింది. "ఆ క్లిప్పు ఆమెనే పెట్టింది. నేనే తోల్కవోయిన. ఫోన్ల చూసి, శనిని చూపియ్యి నర్సవ్వా అన్నది..."

"దొరోరి బిడ్డ నీ ఎంబడి గెట్లపొంటి తిరిగిందా?" యాదగిరి గొంతు లేచింది. "మంచంల వడ్డ పిల్ల మీద చెప్తున్నవ్. నోరు కాపాడుకో."

పెద్దసారు ఆఫీసు గదిలోంచి వచ్చాడు. డబ్బాను చూశాడు, గుంపును చూశాడు. ఆ తర్వాతే నర్సవ్వను చూశాడు. "నర్సవ్వా, ఇయ్యాలటికి నువ్వు ఇంటికి పో. నేను మాట్లాడుత," అన్నాడు మెల్లగా.

అప్పటికే తల్లులు లోపలికి వచ్చి పిల్లల రెక్కలు పట్టుకుని తీసుకుపోతున్నారు. ఒక పాప గుడ్డు కావాలని ఏడుస్తోంది. నర్సవ్వ పప్పుగుత్తిని దేగిసలోనే వదిలి, చేతులు కడుక్కుని, గేటు దాటింది. గుంపు రెండుగా చీలి దారి ఇచ్చింది. ఆమె కొంగు తమకు తగలకుండా ఒక్కొక్కరూ అడుగు వెనక్కి వేశారు.

*

ఆ రోజు ట్రైనింగుకు పోయిన సుదర్శన్ సారు ఇంకా పొద్దుండగానే కోరుట్ల నుంచి బండి మీద నర్సవ్వ ఇంటికి వచ్చాడు. అతనిది సిరిసిల్ల. తండ్రి మరమగ్గాల కార్మికుడు. ఈ బడికి వచ్చి మూడేళ్లయింది. నిలబడే మాట్లాడాడు.

"తప్పు నాదక్కా. అనుమతి తీసుకోవాలె. గెట్టు ఎవలదో అడగాలె. శని అని గాకుండ ఇంగ్లీషుల రాసినా అయిపోతుండె. నడువు, ఠాణాల దరఖాస్తు ఇద్దాం."

"పోలీసులు ఒక్కనాడు ఉండి పోతరు సారూ. నేను రోజూ ఈడ ఉండాలె."

నర్సవ్వ భర్త రాజయ్య గడపలో కూచుని తాపీకి అంటిన సిమెంటు గీకుతున్నాడు. అది ఎప్పుడో పోయింది. అయినా గీకుతూనే ఉన్నాడు. "సిరిసిల్ల పోదాం. సరిత కాడ నాల్గు రోజులుండి వద్దాం," అన్నాడు కూతురి పేరు చెప్పి.

"ఇప్పుడు పోతె నేను చేసిన్నన్నట్టే గదయ్యా."

"ఉంటె ఏం చేస్తరో ఎరుకేనా నీకు?"

నర్సవ్వకు తెలుసు. బాణామతి చేసిందన్న మాట పడ్డవాళ్లకు ఏమైందో ఈ చుట్టుపక్కల తెలియనివాళ్లు లేరు. ఆ సంగతి ముగ్గురిలో ఎవరూ నోట పలకలేదు. గోడవతల లసుమవ్వ మనవడిని పిలుస్తోంది. వాడు రోజూ ఈ వేళకు నర్సవ్వ వాకిట్లో గోలీలాడతాడు. ఇవాళ లసుమవ్వ వాడిని లోపలికి లాగి తలుపు వేసుకుంది. వాడకట్టు మొదట్లో ఎవరో ముగ్గుపిండితో అడ్డంగా గీత గీసి, రెండు చివరలా వేపమండలు పెట్టారు. సుదర్శన్ సారు బండి చక్రం దాన్ని తొక్కుకుంటూ వచ్చిందని రాజయ్య చెప్పాడు.

"పుస్తకంల ఆమె చేతిరాత ఉంటది," అన్నాడు సుదర్శన్. "రేపు పంచాయితీల అదే చూపిస్త. రాత చూస్తె ఇంట్లోల్లకు తెల్వదా?"

నర్సవ్వ కళ్లలో దసరా మరునాటి ఎండ మెదిలింది. గెట్టు మీద కాళ్లు చాపుకుని, పుస్తకం మోకాలి మీద పెట్టుకుని, నాలుక కొస పళ్ల మధ్య పెట్టి రాసిన పదహారేళ్ల పిల్ల. అంతకుముందు ఈ ఇంట్లోనే మక్కరవ్వ ఉడికించిన గటుక, చింతపండు చారు ఊదుకుంటూ తిన్నది. "నానమ్మకు చెప్పకు," అని నవ్వింది.

*

మరునాడు పొద్దున గ్రామపంచాయతీ ముందు ఊరంతా ఉంది. నర్సవ్వకు ఎవరూ కూచోమనలేదు. ఆమె స్తంభం పక్కన నిలబడింది. ఎదురుగా, నడుమ ఖాళీలో, స్టూలు మీద డబ్బా ఉంది. కుర్చీలో రంగనాయకమ్మ కూచుంది. డెబ్భై దాటిన మనిషి. రాత్రంతా దవాఖానలో ఉన్నదేమో కళ్ల కింద వాచింది. కొడుకు శ్రీనివాస్ రావు ఇంకా రాలేదు.

సుదర్శన్ సారు నేల మీద సుద్దముక్కతో ఒక చుక్క పెట్టాడు.

"ఇది సూర్యుడు. జగిత్యాల ఖిల్లా కాడ ఉన్నడు అనుకుందాం. ఆకాశంల కోటి కిలోమీటర్లు, మన ఆటల వంద మీటర్లు. గట్ల లెక్కేస్తె భూమి ఖిల్లా కాడికెల్లి కిలోమీటరున్నర. భూమి మారేడుకాయంత. శని పద్నాలుగు కిలోమీటర్లు, అంటె మన ఊరు. యురేనస్ కోరుట్ల దాటినంక. ఆఖరుది నెప్ట్యూన్, సిరిసిల్లల మా అన్న మగ్గాల షెడ్డు కాడ. పిల్లలకు పుస్తకంల బొమ్మ చూస్తె గ్రహాలన్ని పక్కపక్కనే ఉన్నట్టు కొడతది. నడిస్తె తెలుస్తది ఎంత దూరమో. అందుకే..."

"అంటె జగిత్యాలోల్లకు సూర్యుడు, మాకు శనియా?" వెనక నుంచి ఎవరో అన్నారు. కొందరు నవ్వారు. ఆ నవ్వులో భయం ఉంది.

"శని అంటె అదొక గ్రహం..."

"గ్రహమనే గదా మేం సుత అంటున్నం!" అన్నాడు యాదగిరి. "సారే ఒప్పుకున్నడు. శనిని తెచ్చి మా గెట్టు మీద పెట్టిండ్రు. ఆ చేనుల పసుపు కుళ్లవట్టె, ఇంట్ల పిల్ల పడవట్టె."

సుదర్శన్ ముఖం ఎర్రబడింది. డబ్బా వైపు చెయ్యి చాపాడు. "పుస్తకం తీసి చదువుండ్రి..."

"ముట్టకు!" నలుగురు ఒక్కసారే అరిచారు. ఎవరో అతని భుజం పట్టి వెనక్కి లాగారు. చొక్కా గుండీ ఒకటి తెగి పడింది.

అప్పుడే కారు వచ్చి ఆగింది. శ్రీనివాస్ రావు దిగాడు. యాభై ఏళ్లుంటాయి. ఇంజనీరింగు చదివి, కాంట్రాక్టులు చేసుకుంటూ జగిత్యాలలో ఇల్లు కట్టుకున్నాడు. గడ్డం మాసి ఉంది. ఎవరినీ పలకరించకుండా స్టూలు దగ్గరికి నడిచి, పుస్తకం చేతిలోకి తీసుకున్నాడు. నర్సవ్వ అతని చేతులనే చూస్తోంది. ఒక్కో పేజీ తిప్పాడు. ఆఖరి పేజీ దగ్గర బొటనవేలు ఆగింది. కళ్లు ఎడమ నుంచి కుడికి వెళ్లాయి. మళ్లీ ఎడమ నుంచి కుడికి. మళ్లీ. మళ్లీ. కింది పెదవి కొంచెం వదులైంది.

చూసిండు, అనుకుంది నర్సవ్వ. ఇక చెప్తడు.

శ్రీనివాస్ రావు పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాడు.

"పిల్లల పేర్లున్నయ్," అన్నాడు. గొంతు సవరించుకున్నాడు. "నేనైతె ఇసొంటియి నమ్మ. కానీ ఊరంత ఒక్క మాట మీద ఉన్నంక, నేను అడ్డం చెప్పలేను. అమ్మ ఎట్లంటె అట్ల."

నర్సవ్వ స్తంభాన్ని పట్టుకుంది.

రంగనాయకమ్మ చాలాసేపు నర్సవ్వ ముఖంలోకి చూసింది. కోపంగా కాదు. బావిలో పడ్డ బిందె ఎక్కడుందో వెతుకుతున్నట్టు చూసింది. "పెట్టినామెనే తియ్యాలె," అంది. "నువ్వు మా ఇంట్ల పదకొండేండ్లు పనిచేసినవ్. పని మానుకున్నప్పుడు నేను నాలుగు మాటలన్న. అది మనసుల పెట్టుకున్నవో ఏమో. నన్ను చెయ్యి నర్సవ్వా, ఏం చేసుకుంటవో. నా మనవరాలి మీదికెల్లి తియ్యి. రేపు దవాఖానకు రా."

"నేనేం చెయ్యలే దొర్సానీ..."

"పిల్ల బతికితె చెయ్యలేదన్నట్టే," అన్నాడు యాదగిరి. ఆ మాటకు రెండో సగం అందరికీ వినిపించింది.

*

శనివారం పొద్దున కారులో ముందు సీట్లో యాదగిరి, వెనక సీట్లో నర్సవ్వ. దారి పొడుగునా అతను కిటికీ అద్దం దించే ఉంచాడు. రాజయ్య వస్తానంటే ఎక్కించుకోలేదు.

దవాఖాన మూడో అంతస్తులో గది తలుపు దగ్గర నర్సు ఎదురైంది. "పొద్దుగాల ఐసీయూలకెల్లి ఇటు మార్చిండ్రు. ప్లేట్‌లెట్లు నిన్న రాత్రి సంది పెరుగుతున్నయ్. ఎక్కువ మాట్లాడియ్యకుండ్రి," అంది. ఎవరూ ఆమె మాట పట్టించుకున్నట్టు లేదు.

మంచం మీద రమ్య సగానికి సగం అయిపోయింది. చేతికి సూది, దానికి పట్టీ. మంచం పక్కన రంగనాయకమ్మ నిలబడి ఉంది. ఒక ఇత్తడి చెంబులో నీళ్లు, ఒక నిమ్మకాయ, కొంచెం పసుపు ముందే బల్ల మీద పెట్టించింది.

"ఏం కావాల్నో తెల్వక ఇవి తెప్పిచ్చిన. ఇంకేమన్న కావాల్నంటె చెప్పు," అంది.

నర్సవ్వ ఆ నిమ్మకాయను చూసింది. చెయ్యి ఎత్తి పిల్ల తల చుట్టూ ఒక్కసారి తిప్పితే అయిపోతుంది. పిల్ల ఎలాగూ తేరుకుంటోందని నర్సు చెప్పింది. ఇంటికి పోవచ్చు. ఎత్తకపోతే, రేపు ఈ పిల్లకు ఏమైనా అయితే, రాజయ్య తాపీ పట్టుకుని గడపలో కూచునే ఉంటాడు, గుంపు వస్తుంది. చెయ్యి నిజంగానే లేచింది. ఆ చెయ్యి పక్కనున్న స్టూలును లాక్కుంది. నర్సవ్వ కూచుని రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది. రంగనాయకమ్మ ముందు కూచోవడం ఆమెకు అదే మొదటిసారి.

"తీసెటందుకు నేనేం పెట్టలే దొర్సానీ. పిల్లను చూసి పోత."

రంగనాయకమ్మ ముక్కుపుటాలు అదిరాయి. ఏదో అనబోయింది. అంతలో స్టూలు చప్పుడుకు రమ్య కళ్లు తెరిచింది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"నర్సవ్వా... నువ్వెట్ల వచ్చినవ్?"

"నిన్ను చూద్దామనొచ్చిన బిడ్డా."

"నెప్ట్యూన్ చూడకముందే పడ్డ. సిరిసిల్లల... సెలవులు అయిపాయె."

"మంచిగగాని. మళ్ల సెలవులు రావా?"

రంగనాయకమ్మ మంచం మీదికి వంగింది. "బిడ్డా, రమ్యా. నీ క్లిప్పు ఆ డబ్బాల ఎవలు పెట్టిండ్రు?"

"నేనే." ఆ ఒక్క మాటకు రమ్య ఊపిరి తీసుకుంది. "ఒకటి పెట్టి ఒకటి తీసుకోవాలె నానమ్మా. ఆట. నాన్నకు ఎరుకే. ఆన్నుంచే ఫొటో పంపిన."

గుమ్మంలో శ్రీనివాస్ రావు నిలబడి ఉన్నాడు. చేతిలో కొబ్బరిబోండం, దానికి గొట్టం గుచ్చి ఉంది. బోండం పక్కకు ఒరిగింది, నీళ్లు సన్నని ధారగా అతని బూటు మీద పడుతున్నాయి. అతను చూసుకోలేదు. తల్లి అతని వైపు తిరిగింది. చెయ్యి చాపింది. ఏం అడుగుతోందో అతనికి అర్థమైంది. జేబులోంచి నోటుపుస్తకం తీసి ఆ చేతిలో పెట్టాడు. రంగనాయకమ్మ రోజూ భాగవతం చదువుకునే మనిషి. కళ్లజోడు తీసుకుని కిటికీ వైపు తిరిగింది.

నర్సవ్వ గదిలోంచి బయటికి వచ్చింది. వరండాలో శ్రీనివాస్ రావు వెంట వచ్చాడు.

"నర్సవ్వా, ఆగు. నేను పుస్తకం చూసేటాల్లకు ఊరంత జమై ఉన్నది. అమ్మ అందరి ముందట కూసొని ఉండంగ... నా బిడ్డ మీ ఇంట్ల తిన్నదని, నాకు ఎరుకేనని, నేను ఎట్ల చెప్పాలె? పిల్ల ఇంటికి రానియ్యి. నేను సర్దుత. అప్పటిదాక నువ్వేం మాట్లాడకు."

"మా ఇంటికి గుంపొస్తె?"

"రారు. నేను చెప్త."

"నిన్న చెప్తవనుకున్న దొరా," అంది నర్సవ్వ. మెట్లు దిగి, కారు కోసం చూడకుండా బస్టాండు వైపు నడిచింది.

*

ఆదివారం మధ్యాహ్నానికి రమ్య లేచి కూచుని ఇడ్లీ తిన్నదని ఊరికి తెలిసింది. సాయంత్రం తలుపు చప్పుడైంది. లసుమవ్వ చంకలో మనవడిని ఎత్తుకుని నిలబడి ఉంది. మూడు రోజుల తర్వాత గోడ ఇటువైపు వచ్చింది. నర్సవ్వకు కళ్లు చెమ్మగిల్లాయి.

"రా లసుమా, కూసో."

లసుమవ్వ కూచోలేదు. కొంగుముడి విప్పి ఒక నిమ్మకాయ, రెండు అగరొత్తులు గడప మీద పెట్టింది. "వీనికి వారం సంది దగ్గు తగ్గుతలేదు. నువ్వు దవాఖానకు పోయి చెయ్యి పెట్టంగనే రమ్యమ్మ లేసి కూసున్నదట. ఊరంత అంటుండ్రు. జర వీని మీద సుత పెట్టు నర్సా. మన ఎన్కటి మాటలు మనసుల పెట్టుకోకు." చేతులు జోడించింది.

నిన్నటి దాకా ఊరు నర్సవ్వను అనుమానించింది. ఇప్పుడు ఊరికి అనుమానం లేదు. తీసింది కాబట్టి పెట్టింది కూడా ఆమే. ఇక ఏ పిల్లకు జ్వరమొచ్చినా, ఏ బర్రె పాలివ్వకపోయినా, ముందు ఈ గడపకు వస్తారు. దండం పెట్టుకుంటూ వచ్చిన వాళ్లే, తగ్గకపోతే కర్రలతో వస్తారు.

"నీకు నలభై ఏండ్ల సంది ఎరుకే గదనే నేను," అంది నర్సవ్వ.

పిల్లవాడు నర్సవ్వ వైపు చేతులు చాపి, గోలీలు ఏవని అడిగాడు.

నర్సవ్వ నిమ్మకాయను తీసి లసుమవ్వ కొంగులో తిరిగి కట్టి, రాజయ్యను పిలిచి ఆటో మాట్లాడమంది. ముగ్గురూ కలిసి పిల్లవాడిని కోరుట్లలో డాక్టరుకు చూపించి వచ్చారు. దారిలో లసుమవ్వ సీటు కొసకు ఒదిగి కూచుంది.

సోమవారం పెద్దసారు కబురు పంపాడు. వచ్చి వండుకోవచ్చని. నర్సవ్వ పోలేదు. సుదర్శన్ సారు వచ్చి, "అయిపోయింది గదక్కా, ఇంకేంది?" అన్నాడు.

"కాలే సారూ," అంది. ఏం కాలేదో అతను అడగలేదు. గుండీ తెగిన చోట కొత్తది కుట్టించుకున్నాడు, అది వేరే రంగు.

*

మంగళవారం పొద్దున గ్రామపంచాయతీ ముందు మళ్లీ జనం. ఈసారి నర్సవ్వకు కుర్చీ వేశారు. ఆమె కూచోలేదు. శ్రీనివాస్ రావు తెల్లచొక్కా వేసుకుని, గడ్డం గీసుకుని వచ్చాడు. కారు వెనక తలుపు తెరిచి ఉంది, లోపల రంగనాయకమ్మ కూచుని ఉంది. యాదగిరి ఒక పళ్లెం తెచ్చాడు. పళ్లెంలో ఆకుపచ్చ పట్టుచీర, పసుపు, కుంకుమ, రెండు కొబ్బరికాయలు.

"మా రమ్య ఇంటికి వచ్చింది," అన్నాడు శ్రీనివాస్ రావు. "నర్సవ్వ దవాఖానకు వచ్చింది, ఆమె మనసు మంచిది. అయిందేదో అయింది. ఇంక ఎవలూ ఆమెను ఏమనొద్దు. బడిల ఆమెనే వండుతది. ఇది మా ఇంటి తరఫున." పళ్లెం ముందుకు చాపాడు.

జనం తలలూపారు. ఆడవాళ్లలో ఒకరు చెయ్యెత్తి మొక్కారు. తీసుకో, తీసుకో అన్నట్టు పెద్దసారు కళ్లతో సైగ చేశాడు. రాజయ్య కూడా ఆమె మోచేతిని వేలితో పొడిచాడు.

నర్సవ్వ చేతులు రెండూ కొంగులో చుట్టుకుంది.

"సారూ," అంది. అతన్ని ఆమె దొరా అనకపోవడం జనం గమనించారు. "నాకు చీర ఎందుకు?"

"సంతోషంగ ఇస్తున్నం నర్సవ్వా."

"నేను ఏం చేసిన్నని? పెట్టలే, తియ్యలే. చీర తీసుకుంటె రెండూ చేసిన్నన్నట్టు. ఆ పుస్తకంల ఆఖరి రాత చదువు సారూ. గంతే చాలు నాకు."

"ఇప్పుడు అవన్ని ఎందుకు..."

"చదువొచ్చినోనివి. చదువు."

శ్రీనివాస్ రావు పళ్లెం యాదగిరికి ఇచ్చి, జేబులు తడుముకున్నాడు. "పుస్తకం ఏడ ఉన్నదో..."

కారులోంచి ఒక ముడతల చెయ్యి బయటికి వచ్చింది. ఆ చేతిలో నోటుపుస్తకం ఉంది. రంగనాయకమ్మ ఎవరి వైపూ చూడలేదు, ముందు సీటు వైపే చూస్తోంది. చెయ్యి మాత్రం అలాగే చాచి ఉంచింది. కొడుకు నాలుగడుగులు నడిచి పుస్తకం అందుకున్నాడు. ఆఖరి పేజీ తెరిచాడు.

"రమ్య. అక్టోబరు నెల," అని చదివి మూసేశాడు. "ఇగో, పేరే ఉన్నది. నా బిడ్డ రాతే. అయిపోయింది."

జనంలో చిన్న కదలిక. ఓహో, రమ్యమ్మ రాతేనట. అయితే ఏమైంది అన్నట్టు ఒకరినొకరు చూసుకున్నారు.

"ఇంక ఉన్నది," అంది నర్సవ్వ.

"ఏం లేదు."

"నాలుగు వరసలు రాసింది సారూ. నాకు చదువు రాదు గానీ, ఆమె రాసెదాక ఎండల నేనే నిలవడ్డ. ఆమె మీద ఎండ పడకుంట కొంగు అడ్డం పట్టిన. మధ్యల ఒకసారి ఆగి, మళ్ల రాసింది. నువ్వు చదివింది ఒక్క వరస."

రోడ్డు మీద కోరుట్ల బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. శ్రీనివాస్ రావు మెడ మీద చెమట పట్టింది. కారు వైపు చూశాడు.

"శ్రీనివాసా," అంది లోపలి నుంచి తల్లి. "పూరాగ చదువు."

అతను మళ్లీ తెరిచాడు.

"రమ్య, అక్టోబరు. శని దొరికింది. నర్సవ్వ తోడు వచ్చి దారి చూపించింది." గొంతు తగ్గింది. "వాళ్లింట్లో గటుక తిన్నాను, చాలా బాగుంది. నా క్లిప్పు పెట్టి, నీలం గోలీ తీసుకున్నాను. నాన్నకు ఫొటో పంపితే..."

ఆగిపోయాడు.

"వెనుకకు ఇనవడ్తలేదు," అన్నారు ఎవరో. ఎగతాళిగా కాదు, నిజంగానే వినపడక.

అతను తల ఎత్తి ఆ వెనక వరసను చూశాడు. ముఖంలో రక్తం లేదు. పుస్తకాన్ని కొంచెం పైకెత్తి, బడిలో పాఠం అప్పజెప్పే పిల్లవాడిలా, మొదటి మాట నుంచి మళ్లీ చదివాడు. ఈసారి పెద్దగా. ఆఖరి వరస కూడా.

"నాన్నకు ఫొటో పంపితే, జాగ్రత్తగా ఇంటికి రా, శనిని పట్టుకున్నావన్నమాట అని మెసేజ్ పెట్టాడు."

యాదగిరి చేతిలో పళ్లెం బరువెక్కినట్టు కిందికి దిగింది. అతను దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూశాడు. ఆడవాళ్ల వరసలో లసుమవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమె భుజాలు ఎగిసిపడుతున్నాయి. రంగనాయకమ్మ కారు తలుపు దగ్గరికి లాక్కుంది, అది సరిగా పడలేదు. మళ్లీ తెరిచి గట్టిగా వేసుకుంది.

తప్పయిందని ఎవరూ నర్సవ్వతో అనలేదు. ఒక్కొక్కరు చెప్పులు వెతుక్కుంటూ కదిలారు. సుదర్శన్ సారు దగ్గరికి వచ్చి ఏదో చెప్పబోయి, కళ్లజోడు తుడుచుకున్నాడు.

"టైమెంతయింది సారూ?" అడిగింది నర్సవ్వ.

"పది దాటింది అక్కా."

"అయ్యో," అంది. "పప్పు కడగలే, ఎసరు పెట్టలే. తొంభై మూడు మంది." చేతులకు చుట్టుకున్న కొంగు విప్పి నడుముకు దోపుకుని, బడి వైపు పెద్ద అంగలు వేసింది. నాలుగడుగులు పోయాక వెనక చెప్పుల చప్పుడు వినిపించింది. చంకలో పిల్లవాడితో లసుమవ్వ పరుగెత్తుకుంటూ వస్తోంది.

"ఆగే నర్సా," అని అరిచింది. "గుడ్లు నేను ఒలుస్త."